మంచులో బండి ఆగిపోతే

(పెదకాకానిలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ప్రసంగ విషయం బోర్డు మీద చూసి కొందరు మిత్రులు నవ్వుకోవడం గమనించాను. అందులో తప్పేమీ లేదు. కల్లాల్లో మిరపకాయలు ఎండబోసుకునే ఊళ్ల వాళ్లం. ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను కింద నుంచి లేవలేని వాళ్లం. మనకు మంచులో చిక్కిన కారు సంగతి ఎందుకు అనిపించడం సహజమే. పైగా మన భాషలో మంచు అనగానే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున హైవే మీద కమ్ముకునే పొగమంచే గుర్తుకు వస్తుంది. ఎండ పొడ తగలగానే అది విడిపోతుంది. నేను చెప్పబోయేది ఆ మంచు కాదు. దూదిపింజల్లా రాలి, మోకాటి లోతున, నడుము లోతున పేరుకుని, రోడ్డు ఏదో పొలం ఏదో తెలియకుండా చేసే మంచు.

అయితే ఒక్క మాట అడుగుతాను. ఈ హాలులో కూర్చున్న వారిలో కొడుకో, కూతురో, మనవడో అమెరికాలోనో, కెనడాలోనో లేని ఇల్లు ఎన్ని ఉన్నాయి? పురిటికనో, మనవరాలిని చూసుకోవడానికనో ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చిన దంపతులు మనలోనే ఎంతమంది ఉన్నారు? ఇక రిటైరయిన తరువాత కేదారమో, బదరీయో, మనాలీయో, గాంగ్‌టాకో చూసి రావాలని బస్సు మాట్లాడుకునే బృందాలు మన జిల్లాలో ప్రతి ఏటా బయలుదేరుతూనే ఉన్నాయి. మంచు మన ఊరికి రాదు, నిజమే. మనమే మంచు దగ్గరకు వెళ్తున్నాం.

2022 డిసెంబరు ఆఖరి వారం సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 26వ తేదీన అరిజోనా రాష్ట్రంలో ఉడ్స్ కాన్యన్ అనే సరస్సు దగ్గర, గడ్డకట్టిన నీటి మీద నడుస్తుండగా మంచు పలక పగిలి ముగ్గురు తెలుగువాళ్లు మరణించారు. వారిలో ఇద్దరు మన గుంటూరు జిల్లా దంపతులు. చదువుకున్నవాళ్లు, స్థిరపడ్డవాళ్లు. మంచు గుణం వేరు. దాన్ని చిన్నప్పటి నుంచి చూసి పెరిగినవాడికి తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి, పెద్దయ్యాక వెళ్లినవాడు వాటిని నేర్చుకోవాలి. సరిగ్గా ఆ వారమే న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరాన్ని మంచు తుఫాను ముంచెత్తింది. ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో కొందరు తమ కార్లలోనే విగతజీవులై కనిపించారు. సహాయానికి వెళ్లిన వాహనాలే మంచులో కూరుకుపోయిన పరిస్థితి.

కనుక ఈ విషయం మన ఇళ్లకు సంబంధించినదే. నా ఉద్యోగ జీవితమంతా గ్యారేజీలో ఇంజన్ల మధ్య గడిచింది కాబట్టి బండి వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మంచులో బండి ఆగిపోయినప్పుడు గుర్తుంచుకోవలసినవి ప్రధానంగా మూడే. ఒకటి, బండిని వదలకూడదు. రెండు, పొగను లోపలికి రానివ్వకూడదు. మూడు, వేడిని పొదుపుగా వాడుకోవాలి. చలి మనిషిని మెల్లగా లొంగదీస్తుంది, జాగ్రత్తపడడానికి వ్యవధి ఇస్తుంది. పొగ ఆ వ్యవధి ఇవ్వదు. చలికి భయపడి పొగ సంగతి మరిచిపోవడమే అసలు ప్రమాదం. నేటి నా ప్రసంగ సారాంశం ఇదే.

బండిని వదలవద్దు

బండి ఆగి గంట రెండు గంటలు గడిచాక మనసు ఊరుకోదు. "ఇక్కడ కూర్చుంటే ఏమవుతుంది, నడిచి వెళ్లి ఎవరినైనా పిలుచుకు వస్తాను" అనిపిస్తుంది. ముఖ్యంగా ఇంటి పెద్దకు అలా అనిపిస్తుంది. భార్యాపిల్లలు చలికి వణుకుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎవరికి సాధ్యం?

2006 నవంబరులో అమెరికాలో జేమ్స్ కిమ్ అనే పత్రికా రచయిత భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఆరెగాన్ రాష్ట్రంలో ప్రయాణిస్తూ దారి తప్పి ఒక కొండదారిలో మంచులో చిక్కుకున్నాడు. పెద్దపిల్లకు నాలుగేళ్లు, చిన్నది నెలల బిడ్డ. పెట్రోలు ఉన్నంతవరకు హీటరు వేసుకున్నారు. అది అయిపోయాక టైర్లు కాల్చి వెచ్చదనం పొందారు. తల్లి ఇద్దరు పిల్లలకూ తన పాలే ఇచ్చి కాపాడింది. వారం రోజులు గడిచినా ఎవరూ రాకపోయేసరికి డిసెంబరు 2వ తేదీన ఆయన సహాయం కోసం నడిచి బయలుదేరాడు. 4వ తేదీన హెలికాప్టరులో వెతుకుతున్నవారికి కారు, గొడుగు ఊపుతున్న ఆ తల్లి కనిపించారు. తల్లీ పిల్లలూ బతికారు. ఆయన శవం 6వ తేదీన ఒక వాగులో దొరికింది. కారులో ఉన్నవాళ్లకు తొమ్మిదో రోజున సహాయం అందింది. మైళ్ల కొద్దీ నడిచిన ఆయనకు అందలేదు.

ఆయన ధైర్యాన్ని తక్కువ చేసి చెప్పడానికి మనమెవరం? ఆ స్థితిలో ఏ తండ్రి అయినా అదే చేస్తాడు. అందుకే ఈ సంగతి ముందుగా తెలిసి ఉండాలి. వెతికేవాళ్ల కంటికి మనిషి కంటే కారు తొందరగా కనిపిస్తుంది. కారు గాలిని ఆపుతుంది, తడవనివ్వదు. మంచు కురుస్తుండగా పది గజాల దూరంలో ఉన్నది కూడా కనపడదు. ఒకసారి దిగి నాలుగడుగులు వేసి వెనక్కు తిరిగితే మన కారే మనకు కనిపించకపోవచ్చు. మంచులో నడక మన వరిమళ్ల బురదలో నడక లాంటిది, వంద అడుగులకే ఒంట్లో సత్తువంతా పోతుంది. చెమట పట్టి లోపలి బట్టలు తడుస్తాయి. ఆ తడి ఆరే లోపల చలి పట్టుకుంటుంది.

ఎదురుగా కంటికి స్పష్టంగా ఇల్లో, దుకాణమో దగ్గరలోనే కనిపిస్తుంటే తప్ప, లేదా బండికే నిప్పు అంటుకోవడం వంటి ప్రమాదం ఉంటే తప్ప, దిగి వెళ్లవద్దు. ఇది మొదటి మాట.

పొగ సంగతి

రెండవది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. 2022 జనవరి 7వ తేదీ రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ అనే కొండ ఊరిలో ఏం జరిగిందో వినండి. మంచు కురుస్తుంటే చూడాలని పట్టణాల నుంచి వేలాది కార్లలో జనం వెళ్లారు. చెట్లు కూలి, దారులు మూసుకుపోయి, కార్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తెల్లవారేసరికి ఇరవై మందికి పైగా కార్లలోనే చనిపోయి ఉన్నారు. వారిలో పిల్లలున్నారు, కుటుంబాలకు కుటుంబాలే ఉన్నాయి. అద్దాలు మూసుకుని, ఇంజను నడుపుకుంటూ, హీటరు వేసుకుని నిద్రపోయినవాళ్లు. ఆ మరణాలకు విషవాయువు కారణమయిందని అక్కడి అధికారులు, వైద్యులు చెప్పారు.

అదెలా జరుగుతుందో చెబుతాను. ఇంజనులో పెట్రోలు గాని డీజిలు గాని కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మామూలుగా అది సైలెన్సర్ గొట్టం గుండా వెనుక నుంచి బయటకు పోయి గాలిలో కలిసిపోతుంది. మంచు కురిసి బండి చుట్టూ పేరుకున్నప్పుడు ఆ గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు పొగ బండి కింద నిలిచి, నేల సందుల్లో నుంచి, తలుపుల సందుల్లో నుంచి లోపలికి వస్తుంది. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థం హిమోగ్లోబిన్ అని అందరికీ తెలుసు. ఈ విషవాయువు దాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు అందదు.

లక్షణాలు ఏమిటంటే తలనొప్పి, వికారం, తల తిరగడం, కాళ్లు చేతులు బరువెక్కడం, మగత. ప్రయాణపు అలసట కూడా ఇలాగే ఉంటుంది గనుక ఎవరూ అనుమానించరు. "కాసేపు కన్ను మూస్తాను" అంటారు. బండిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది అలసట అనుకోవద్దు. వెంటనే ఇంజను ఆపి, తలుపులు బార్లా తెరిచి, గాలి తగలనివ్వాలి. చలి వేస్తే వేసింది.

ఇంజను నడపవద్దా అంటే, నడపవచ్చు. నడిపే పద్ధతి ఉంది. ఇంజను వేసే ముందు ప్రతిసారీ ఒక మనిషి దిగి, సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచును తొలగించాలి. ఒకసారి తీశాం కదా అనుకోకూడదు, గంటలో మళ్లీ పేరుకుంటుంది. దిగినవారు బండి మీద చెయ్యి తియ్యకుండా దాన్ని పట్టుకునే వెనుకకు వెళ్లి, అలాగే తిరిగి రావాలి. గాలి వీచే వైపు కాకుండా అవతలి వైపు అద్దం రెండు వేళ్ల మందం దించి ఉంచాలి. గంటకు పది నిమిషాలు ఇంజను, హీటరు వేసి ఆపివేయాలి. అమెరికా వాతావరణ శాఖ తమ ప్రజలకు చెప్పే లెక్క కూడా ఇదే. ఇంజను నడుస్తుండగా అందరూ నిద్రపోకూడదు. ఒకరు మేలుకొని గడియారం చూస్తూ ఉండాలి. సంఖ్య ఎక్కువ ఉంటే వంతులు వేసుకోవాలి.

ఇదే వాయువు మన దేశంలో, మన ఇళ్లలో కూడా ప్రాణాలు తీస్తుంది. చలికాలంలో అరకు, లంబసింగి వెళ్లే కుర్రకారు డేరాలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం, తలుపులు మూసిన షెడ్డులో కారు స్టార్టు చేసి ఉంచడం, కరెంటు పోతే దుకాణంలోనే జనరేటరు నడపడం, ఇవన్నీ ఆ కోవలోవే. వీటికి మంచుతో పనిలేదు. కనుక అమెరికా వెళ్లేవాళ్లు లేని ఇంట్లో కూడా ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పండి.

పెట్రోలు లెక్క

మనం జీతంలో నెల గడుపుకున్నవాళ్లం, ఇప్పుడు పెన్షనులో గడుపుకుంటున్నవాళ్లం. పొదుపు మనకు కొత్త కాదు. నిలబెట్టిన కారు ఇంజను గంటసేపు తిరిగితే సుమారు లీటరు, చిన్న కారైతే ఇంకా తక్కువ ఖర్చవుతుంది. గంటకు పది నిమిషాల చొప్పున వేస్తే ఇరవై నాలుగు గంటలకు నాలుగు లీటర్లు. అంటే ట్యాంకులో ఇరవై లీటర్లు ఉంటే రోజుల తరబడి గడపవచ్చు. అదే రాత్రంతా ఆపకుండా నడిపితే తెల్లవారేసరికి పది లీటర్లు ఖాళీ, పైగా విషవాయువు ప్రమాదం. చలి దేశాల్లో శీతాకాలమంతా ట్యాంకు సగానికి తగ్గనివ్వరాదనే నియమం అందుకే పెట్టుకుంటారు.

ఇప్పుడు పిల్లలు కరెంటు కార్లు కొంటున్నారు. వాటికి సైలెన్సర్ లేదు, పొగ లేదు. ఆ భయం లేకుండా హీటరు తగ్గించి పెట్టుకోవచ్చు. గంటకు ఒకటి రెండు యూనిట్ల వరకు ఖర్చవుతుంది. అరవై యూనిట్ల బ్యాటరీ సగం నిండి ఉంటే సుమారు ఒక పగలూ రాత్రీ నడుస్తుంది. బండి మొత్తం వేడి చేసే కంటే సీటు మాత్రమే వేడెక్కే ఏర్పాటు ఉంటే అది వాడడం పొదుపు. బయలుదేరే ముందు నిండా ఛార్జి చేసుకోవాలి.

ఒంటి వేడి

మనిషి ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీలు. అది 35 కంటే తగ్గిందంటే అపాయం మొదలయినట్లు. మొదట వణుకు పుడుతుంది. వణుకు మంచిదే, ఒళ్లు తనను తాను వేడి చేసుకుంటున్నదని అర్థం. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయిందంటే భయపడాలి. మాట తడబడడం, పొంతన లేని మాటలు, చేతివేళ్లతో బొత్తాము పెట్టుకోలేకపోవడం, ఇవన్నీ ఒళ్లు చల్లబడిందనడానికి గుర్తులు. వయసు మీరిన వాళ్లకు చలి తెలియడమే ఆలస్యమవుతుంది. మనబోటివాళ్లం "నాకేం చలి లేదు" అంటే పిల్లలు ఆ మాట నమ్మవద్దు. నిండా మునిగినవాడికి చలేమిటి అని మన సామెత. మంచు దగ్గర అది చెల్లదు.

బట్టల విషయం. పత్తి పండించే నేల మీద నిలబడి పత్తిని తక్కువ చేసి మాట్లాడితే కోపగించుకోకండి. నూలుబట్ట పొడిగా ఉంటే మంచిదే. తడిసిందంటే నీరు పట్టి ఉంచి ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. కనుక ఒంటికి ఉన్ని, పైన గాలి చొరబడని కోటు. ఒక్క దళసరి బట్ట కంటే నాలుగు పలుచని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు. మధ్యలో నిలిచే గాలే కంబళిలా పనిచేస్తుంది. చీర కట్టిన ఆడవాళ్లు లోపల ఉన్ని ప్యాంటు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు తప్పనిసరిగా వేసుకోవాలి. మంకీ క్యాపు చూసి మనవలు నవ్వినా సరే, తీయవద్దు.

బండిలో అందరూ వెనుక సీటులో దగ్గరగా కూర్చుని, ఉన్న దుప్పట్లు, శాలువలు కలిపి కప్పుకోవాలి. దుప్పట్లు లేకపోతే వార్తాపత్రికలు నలిపి చొక్కా లోపల, ప్యాంటు లోపల కుక్కుకోవచ్చు. నేల మీద పరిచే మ్యాట్లు కూడా కప్పుకోవచ్చు. అరగంటకు ఒకసారి చేతులు, కాళ్లు, వేళ్లు ఆడించాలి. వేళ్లు మొద్దుబారి పాలిపోతే మంచుతో గాని చేతితో గాని రుద్దవద్దు, చర్మం లోపల దెబ్బతింటుంది. చంకలో పెట్టుకుని మెల్లగా వేడి చేయాలి.

చలికి మందు మంచిదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. సారా ఒంట్లో పడగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై వేడిగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటకు పోతుంది. మన గుంటూరు మిరపకాయకు కూడా ఇదే వర్తిస్తుంది. నోరు మండుతుంది, ముఖాన చెమట పడుతుంది, ఒళ్లు మాత్రం వేడెక్కదు. ఒంట్లో వేడి పుట్టించేది బలమైన ఆహారం. వేరుశనగ ఉండలు, నువ్వుల ఉండలు, ఖర్జూరం, బెల్లం ముక్క, ఇవి నెలల తరబడి నిలవ ఉంటాయి, చలికి పాడుకావు.

దాహమైతే మంచు ముక్క నోట్లో వేసుకోవద్దు. దాన్ని కరిగించడానికి ఒంటి వేడే ఖర్చవుతుంది. గిన్నెలోనో సీసాలోనో వేసి, హీటరు వేసినప్పుడు కరిగించి తాగాలి. ఇంకొక సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మన వయసులో మూత్రానికి మాటిమాటికీ లేవవలసి వస్తుంది. బయటకు దిగలేమనే భయంతో నీళ్లు తాగడమే మానేస్తారు. అది మంచిది కాదు. మూత ఉన్న వెడల్పు మూతి డబ్బా ఒకటి బండిలో ఉంచుకోవాలి. ప్రాణం ముందు సిగ్గు ఏపాటిది?

మందులు, గుండె

మనలో షుగరు, బీపీ లేనివాళ్లు తక్కువ. ప్రయాణం నాలుగు గంటలే కదా అని మందులు డిక్కీలోని సూట్‌కేసులో పెట్టేస్తాం. మంచు కురిసే వేళ డిక్కీ తెరవడమే కష్టం. కనీసం రెండు రోజుల మందులు చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చలికి వదలకూడదు. అది ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు. లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. షుగరు పడిపోతే తీసుకోవడానికి చక్కెరో, బెల్లమో దగ్గర ఉండాలి.

కారు చక్రం చుట్టూ మంచు పార పట్టి తవ్వే పని మన వయసువాళ్లది కాదు. చలిలో రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, గుండె మీద భారం అప్పటికే ఎక్కువ. దానికి తోడు బరువు పని చేస్తే గుండెపోటు వస్తుంది. మంచు దేశాల్లో ప్రతి శీతాకాలం ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగి చనిపోయేవాళ్లు ఉంటారు. కొడుకు ఒక్కడే కష్టపడుతున్నాడని మామగారో, తండ్రో దిగి సాయం పట్టవద్దు. సైలెన్సర్ దగ్గర మంచు తీసే పని కూడా చిన్నవాళ్లకే వదిలేయండి.

ఇరవై ఏడు గంటలు

ఇంతసేపు భయపెట్టే సంగతులే చెప్పాను. ధైర్యం చెప్పేది కూడా ఒకటి ఉంది. 2022 జనవరి 3, 4 తేదీల్లో వర్జీనియా రాష్ట్రంలో, రిచ్మండ్ నుంచి వాషింగ్టన్ వెళ్లే 95వ నంబరు హైవే మీద సుమారు యాభై మైళ్ల పొడవున వందలాది వాహనాలు మంచులో నిలిచిపోయాయి. మనవాళ్లు విరివిగా తిరిగే దారి అది. ఆ రాష్ట్రానికి సెనేటరైన టిమ్ కెయిన్ కూడా అందులో చిక్కుకున్నారు. మామూలుగా రెండు గంటల ప్రయాణానికి ఆయనకు ఇరవై ఏడు గంటలు పట్టింది. కాసేపు హీటరు వేసుకుని ఒళ్లు వెచ్చబడగానే ఇంజను ఆపి కునుకు తీశానని ఆయన చెప్పారు. పక్క కారులో ఉన్న కుటుంబం కమలాపండ్లు పంచిపెట్టింది. అక్కడే ఆగిన ఒక బేకరీ లారీలోని రొట్టెలను, యజమానిని ఫోనులో అడిగి అనుమతి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పంచారు. ఆ మంచులో, ఆ చీకట్లో అంతమంది చిక్కుకున్నా ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మర్రీలో పడినదీ మంచే, వర్జీనియాలో పడినదీ మంచే. మంచులో ఆగిపోవడమే మరణం కాదని ఈ రెండో సంగతి చెబుతుంది.

మన యాత్రల్లో

ఇక మన దేశం. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ యాత్రలో అకాలంగా మంచు కురిసి రెండు వందల మందికి పైగా యాత్రికులు మరణించారు. ఆగస్టులో మంచు ఏమిటని తగిన బట్టలు లేకుండా వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. 2018 డిసెంబరు 28న సిక్కింలో నాథూ లా చూసి గాంగ్‌టాక్ తిరిగి వస్తున్న రెండు వేల మందికి పైగా యాత్రికులు వందలాది వాహనాల్లో మంచులో చిక్కుకుంటే, సైన్యం వారిని తమ బారకాసులకు తీసుకువెళ్లి తిండి, పడక ఇచ్చి కాపాడింది. 2024 డిసెంబరు ఆఖరున మనాలీకి ఎగువన సోలంగ్ దగ్గర, అటల్ సొరంగం దారిలో వేలాది మంది ఇలాగే ఆగిపోతే పోలీసులు రాత్రంతా శ్రమించి కిందికి చేర్చారు.

కొండలకు వెళ్లే బృందాలకు నా మనవి ఇది. టెంపోలో పన్నెండు మంది కూర్చుని అన్ని అద్దాలు మూసి, డ్రైవరును ఇంజను ఆపవద్దని ఒత్తిడి చేయకండి. మైదానంలో పట్టించిన డీజిలు బాగా ఎత్తున, గడ్డకట్టే చలిలో మైనంలా చిక్కబడి ఇంజను ఆగిపోవచ్చు. ఆ చిక్కు తీర్చడానికే 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ లడఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలపు డీజిలు తయారుచేసింది. కొండదారి తెలిసిన స్థానిక డ్రైవరు "ఈ రోజు పైకి వద్దండీ" అంటే, డబ్బు కట్టామని వాదించవద్దు. అత్యవసరానికి మన దేశమంతటా నంబరు 112. అమెరికాలో, కెనడాలో 911.

ఇంట్లో ఉన్న మనం చేయవలసినది

చివరిగా, ఇక్కడ ఉండే మన సంగతి. అక్కడ పిల్లలు మంచులో చిక్కుకున్నారని తెలిస్తే మన ప్రాణం నిలవదు. అయిదు నిమిషాలకు ఒకసారి ఫోను చేస్తాం. మేనమామ చేస్తాడు, పెద్దమ్మ చేస్తుంది, వియ్యంకుడు చేస్తాడు. మన ప్రేమే వాళ్ల సెల్‌ఫోనులోని ఛార్జింగు తినేస్తుంది. చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఆ మిగిలిన కాస్తా రక్షించడానికి వచ్చేవాళ్లతో మాట్లాడడానికి కావాలి.

కనుక ఒకే ఒక్కరు మాట్లాడాలి. హైవే నంబరు, మైలు నంబరు, బండి రంగు, ఎంతమంది ఉన్నారు, ఇవి అడిగి కాగితం మీద రాసుకోవాలి. 911కు చెప్పారా అని అడగాలి. "సైలెన్సర్ దగ్గర మంచు తీశావా నాయనా, అద్దం కాస్త దించావా" అని అడగాలి. మళ్లీ రెండు గంటలకు చిన్న సందేశం పెట్టమని చెప్పి ఫోను పెట్టేయాలి. దగ్గరి ఊళ్లో ఉన్న బంధువులకు, స్నేహితులకు ఆ వివరాలు అందించడం మన పని. ఏడుపు వాళ్లకు వినిపించకూడదు. అది కష్టమే. కాని అక్కడ ఉన్నవాళ్లకు కావలసినది నిబ్బరమైన గొంతు.

శీతాకాలంలో ఫోను చేసినప్పుడు "తిన్నావా, పడుకున్నావా" అని అడగడం మన అలవాటు. దానితోపాటు "కారులో సంచి పెట్టుకున్నావా" అని కూడా అడుగుదాం. ఆ సంచిలో ఏముండాలో చెబుతాను, రాసుకోండి. రెండు రగ్గులు, మనిషికొక జత పొడి మేజోళ్లు, చేతి తొడుగులు, టార్చిలైటు, సెల్‌ఫోను ఛార్జి చేసే పవర్ బ్యాంకు, చిన్న పార, నీళ్ల సీసాలు, వేరుశనగ ఉండల డబ్బా, మూత డబ్బా, ఒక ఎర్రగుడ్డ. ఎర్రగుడ్డ కారు అద్దానికో ఏరియలుకో కడితే దూరం నుంచి కనిపిస్తుంది. మంచు ఆగాక బానెట్ ఎత్తి ఉంచితే సహాయం కావాలని గుర్తు. లోపలి లైటు ఇంజను నడిచే ఆ పది నిమిషాలు వేస్తే చాలు.

మన పెదకాకాని మల్లేశ్వరస్వామివారి సన్నిధికి కొత్త బండ్లు పూజకు రావడం అందరం చూస్తూనే ఉంటాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి పంపుతాం. అమెరికాలో కొన్న కారుకు కూడా ఇక్కడ తల్లిదండ్రులు అర్చన చేయించి ప్రసాదం పంపడం నాకు తెలుసు. స్వామి చల్లగా చూస్తాడు. ప్రసాదంతోపాటు ఆ పార్శిలులో ఒక ఉన్ని మంకీ క్యాపు, ఈ నాలుగు మాటలు రాసిన కాగితం కూడా పెట్టి పంపమని మీకు నా విన్నపం.

బండిని వదలవద్దు. సైలెన్సర్ చూడకుండా ఇంజను వేయవద్దు. గంటకు పది నిమిషాలే. అద్దం రెండు వేళ్లు దించి ఉంచాలి. ఈ నాలుగూ మనవలకు ఎక్కాల్లా వల్లె వేయించండి.